తుఫాను రహిత మండలం

సముద్రపాడు మండలంలో తుఫాను రద్దయిన రోజు తహసీల్దారు విశ్వపతికి బాగా జ్ఞాపకం. ఆ వేళ ఎండ మాడ్చేస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. సముద్రం తన మానాన తాను ఒడ్డుకు వచ్చి పోతోంది. షామియానా కింద పెద్దలందరూ చెమటలు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు. జిల్లా ప్రత్యేకాధికారి నిరంజనరావుగారు రిబ్బను కత్తిరించి, పైలాను మీది గుడ్డ లాగారు. 'తుఫాను రహిత మండలం' అన్న ఇత్తడి అక్షరాలు తళతళలాడాయి. ఆ క్షణం నుంచి ఆ మండలంలో తుఫాను చట్టరీత్యా లేదు.

రహితం కావడం ఆ మండలానికి కొత్త కాదు. అంతకుముందు ప్లాస్టిక్ రహితమైంది. ఆ రోజు మండలంలోని ప్లాస్టిక్కంతా ట్రాక్టర్ల మీద పక్క మండలానికి వలస పోయి, షీల్డు వచ్చాక మళ్ళీ సొంత ఊరు చేరింది. ఆ తర్వాత ఈగల రహితమైంది. ధ్రువపత్రం అందుకునేటప్పుడు ఒక ఈగ వచ్చి సరిగ్గా 'రహిత' అన్న మాట మీద వాలింది. ఫొటో మళ్ళీ తీయించారు. పెండింగు ఫైళ్ళ రహితం కూడా అయింది. ఆ ఫైళ్ళు ఎక్కడున్నాయో అటెండరు అప్పలకొండకు తప్ప ఎవరికీ తెలియదు. అతణ్ణి ఎవరూ అడగలేదు.

నిరంజనరావుగారు చెడ్డమనిషి కాదు. లంచం ముట్టరు, కింది ఉద్యోగి ఇంట్లో పెళ్ళయితే తప్పకుండా వచ్చి అక్షింతలు వేస్తారు. ఒక్క షీల్డుల పిచ్చే ఆయన బలహీనత. ఆయన గదిలో బీరువాల నిండా షీల్డులే. ఇక రహితం చేయడానికి జిల్లాలో ఏమీ మిగల్లేదే అన్న దిగులుతో ఆయన చిక్కిపోతున్న రోజుల్లో ఎవరో నివేదిక ఒకటి తెచ్చి ముందు పెట్టారు. జిల్లాలో తుఫాను షెల్టర్లు ఎక్కడెక్కడున్నాయో, తుఫాన్లు ఎక్కడెక్కడ వచ్చాయో చూపించే పటం అది. దాన్ని చూసి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"గమనించారా, విశ్వపతిగారూ? మన్యం మండలాల్లో తుఫాను షెల్టరు ఒక్కటీ లేదు. అక్కడ తుఫాను తీరం దాటిన దాఖలా కూడా ఒక్కటీ లేదు. సముద్రపాడులో షెల్టరుంది, సైరనుంది, ప్రమాద సూచిక ఎగరేసే స్తంభముంది. తుఫాను కూడా ఉంది! దీన్నిబట్టి తమకేమని అవగతమవుతోంది?"

విశ్వపతికి అవగతమైంది గాని, పైకి అనలేదు. "మన్యంలో సముద్రం కూడా లేదు సార్," అన్నాడు మెల్లిగా.

"అది విధానపరమైన అంశం. మన పరిధిలోకి రాదు. మన పరిధిలో ఉన్న కారణాలను మనం తొలగించాలి."

కారణాలను తొలగించడం మర్నాడే మొదలైంది. గవ్వలపేట దగ్గర స్తంభాల మీద ఎత్తుగా కట్టిన షెల్టరు మీద పాత అక్షరాలు చెరిపేసి 'ఆనంద వేదిక' అని రాయించారు. లోపల ఎర్ర తివాచీ పరిచి, తాళం వేసి, సభలకూ సమావేశాలకూ మాత్రమే తెరవాలని ఉత్తర్వు ఇచ్చారు. సైరను పీకి తెచ్చి మండల కార్యాలయంలో మధ్యాహ్న భోజనం గంటగా బిగించారు. అది మోగినప్పుడు ఉద్యోగులు పరుగెత్తే వేగం చూసి, ప్రజల్లో అప్రమత్తత పెరిగిందని నివేదిక పంపారు. ఒడ్డున బారులు తీరిన సరుగుడు చెట్లు తుఫాను గాలిని ఆపడానికి నాటినవి. తుఫానే లేనప్పుడు అవి ఎందుకు, పైలాను రోడ్డు మీదికి కనబడకుండా అడ్డమని వాటినీ కొట్టించారు. నరికేటప్పుడు విశ్వపతి అటు వెళ్ళలేదు. ఆ పొద్దు జ్వరమని సెలవు పెట్టాడు.

ధ్రువపత్రం కోసం జిల్లా నుంచి వచ్చిన బృందం పరిశీలన జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది. ఆ కాలంలో తుఫాను జాడ ఎక్కడా కనబడలేదని బృందం సంతృప్తి వ్యక్తం చేసింది.

ధ్రువపత్రం చిత్తుప్రతి రాసింది విశ్వపతే. అర్జీ అయినా ఆదేశమైనా ఆయన రాసిన వాక్యంలో వేలు పెట్టడానికి సందు దొరకదని జిల్లా అంతా చెప్పుకునేవారు. ఆయనకూ ఆ సంగతి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ఆ గర్వంతోనే చివర ఇలా రాశాడు: 'ఇకమీదట ఈ మండల పరిధిలో తుఫాను యొక్క ఉనికిని ఏ స్థాయి అధికారియు ఏ సందర్భమునను గుర్తించరాదు.' నిరంజనరావుగారు ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, "దీనికి తిరుగులేదు," అన్నారు. డిప్యూటీ కలెక్టరు పదోన్నతికి విశ్వపతి పేరు సిఫారసు చేస్తానని కూడా అన్నారు.

పైలాను ఆవిష్కరణ నాడే గవ్వలపేట జాలరి జనం చేత ప్రతిజ్ఞ చేయించారు. కుడిచెయ్యి చాచి, 'మా ఊళ్ళో తుఫాను లేదు, రానివ్వం' అని అందరూ చెప్పారు. చెప్పినవాళ్ళకు మజ్జిగ ఇచ్చారు. గరికిన నూకతల్లి మాత్రం చెయ్యి చాచలేదు. ఆవిడ పేటలో చేపలమ్మే ముసలామె, మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరకు వినబడుతుంది. మజ్జిగ తాగేసి, మూతి తుడుచుకుని, నిరంజనరావుగారినే అడిగింది.

"మా సేత పెమాణకం సేయించీసినారు, బాగుంది బాబూ. మరి సముద్రం సేత సేయించినారేటి?"

జనం గొల్లుమన్నారు. నిరంజనరావుగారు కూడా పెద్దమనసుతో నవ్వి, ఆ సూచనను పరిశీలనకు నోట్ చేసుకోమన్నారు.

*

నవంబరులో సముద్రం మీద వాయుగుండం పట్టింది. రేడియోలో, టీవీలో, ఫోన్లలో ఒకటే మాట. అది తుఫానుగా మారింది, తీవ్ర తుఫానైంది, మర్నాడు మధ్యాహ్నానికి సముద్రపాడు దగ్గర తీరం దాటుతుందని వాతావరణ కేంద్రంవాళ్ళు ఊరి పేరుతో సహా చెప్పారు. అటు మండలం, ఇటు మండలం ఖాళీ అవుతున్నాయి. బస్సులు జనాన్ని ఎక్కించుకుని సముద్రపాడు మీదుగానే పోతున్నాయి గాని ఎక్కడా ఆగడం లేదు.

విశ్వపతి జిల్లా కేంద్రానికి ఫోన్ చేశాడు. మండలాలకు బస్సులు, బియ్యం కేటాయించే ఉద్యోగి జాబితా వెతికి, "మీది లేదండీ," అన్నాడు.

"ఎందుకు లేదు? సరిగ్గా మా నెత్తి మీదికే వస్తోంది కదయ్యా!"

"మీది రహితం కదా సార్. రహిత మండలాల పేరు కంప్యూటరు తీసుకోదు. సముద్రపాడు అని కొడితే అభినందనలు అని వస్తోంది."

విశ్వపతి నిరంజనరావుగారికి చేశాడు. ఆయన గొంతు ఎంతో ప్రశాంతంగా ఉంది. "తొందరపడకండి. ధ్రువపత్రం గడువు ఇంకా ఉంది. అది వచ్చినా, మన హద్దు దాకా వచ్చి ఆగాలి. ఒకవేళ గాలి కాస్త ఎక్కువగా వీస్తే దాన్ని 'ఉత్సాహవంతమైన గాలి' అని నమోదు చేయండి. ఆ ఇంకో మాట మాత్రం కాగితం మీదికి రానివ్వకండి. మీ వాక్యం మీరే ఉల్లంఘిస్తే ఎలా?"

ఫోన్ పెట్టేసి విశ్వపతి కిటికీలోంచి చూశాడు. గాలి అప్పుడే దుమ్ము రేపుతోంది. గవ్వలపేటలో ఉన్నవి తాటాకు ఇళ్ళు, రేకుల ఇళ్ళు. ముందు సరుగుడు తోపు లేదు. పిల్లా మేకా ముసలీ ముతకా, ఆ జనమంతా రేపు మధ్యాహ్నానికి ఏమవుతారో ఊహించుకున్నాడు. ఆ తిరుగులేని వాక్యం రాసిన చేతిని ఆయన కాసేపు అసహ్యంగా చూసుకున్నాడు.

అంతలో తలుపు తోసుకుని నూకతల్లి వచ్చింది. వెనక పేట ఆడవాళ్ళు నలుగురైదుగురు. అప్పలకొండ అడ్డుపడబోయి, ఆవిడ చూపు చూసి పక్కకు తప్పుకున్నాడు.

"ఆ మేడ తాళం ఇచ్చీండి బాబూ."

"ఆనంద వేదికా?"

"ఏ ఏదికో! మా అయ్య ఉన్న కాలం నుంచీ తుపానొస్తే మా పేటంతా ఎక్కే మేడ."

విశ్వపతి తాళాల రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. "నూకతల్లీ, నాకూ ఇవ్వాలనే ఉంది. కానీ తాళం ఇచ్చినట్టు రాసుకోవాలి కదా. కారణం రాయాలి. తుఫాను అని రాస్తే చెల్లదు. రాసినవాడి ఉద్యోగమూ పోతుంది, తాళమూ వెనక్కి లాక్కుంటారు. తాళం ఒక్కటే కాదు, బస్సులు కావాలి, తిండి కావాలి, డాక్టరు కావాలి. ఆ కారణంతో ఏదీ రాదు."

"తుపానని సెప్పకూడదు. మరేటని సెప్పాలి?"

విశ్వపతి ఆ మాటే తనను తాను అడుక్కున్నాడు. మరేమని చెప్పాలి? ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఎవరూ ఆయన్ని ఇంత సూటైన ప్రశ్న అడగలేదు. ఈ ప్రభుత్వం ఏ కారణం చెబితే ఆగమేఘాల మీద జనాన్ని తరలిస్తుంది? ఏ కారణం చెబితే బస్సులు పరుగెత్తుకొస్తాయి, పులిహోర పొట్లాలు కట్టలు కట్టలుగా దిగుతాయి, సొమ్మసిల్లినవాళ్ళ కోసం డాక్టరు సిద్ధంగా కూచుంటాడు?

ఆయన ఫోను మళ్ళీ అందుకున్నాడు.

"సార్, విశ్వపతిని. చిన్న మనవి. రేపు మధ్యాహ్నం చుట్టుపక్కల మండలాలన్నీ బిక్కుబిక్కుమంటూ ఉంటాయి. సరిగ్గా అదే సమయానికి మన మండలంలో తుఫాను రహిత విజయోత్సవ సభ పెడితే ఎలా ఉంటుందంటారు? ఆనంద వేదికలో. గవ్వలపేట జనం యావన్మందీ చిరునవ్వుతో హాజరవుతారు. తమరు ముఖ్య అతిథి."

అవతల నిరంజనరావుగారి గొంతు ఆనందంతో వణికింది. "విశ్వపతిగారూ! మీరు డిప్యూటీ కలెక్టరు కాదండీ, అంతకంటే పైకి పోవలసినవారు!"

*

ఆపద నుంచి తప్పించడానికి బస్సు కావాలంటే ఎన్ని సంతకాలు కావాలో లెక్కలేదు గాని, ఉపన్యాసం వినిపించడానికైతే ఒక్క ఫోను చాలు. తెల్లవారేసరికి మండల కార్యాలయం ముందు బస్సులు బారులు తీరాయి. వీధికొక బాధ్యుణ్ణి వేశారు. పులిహోర, మజ్జిగ, మంచినీళ్ళు, తాత్కాలిక మరుగుదొడ్లు, మైకు కోసం జనరేటరు, తొక్కిసలాట జరిగితే చూడటానికి డాక్టరు, నర్సు, అంబులెన్సు అన్నీ వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా తుఫాను శిక్షణల్లో నేర్పించినా ఎవరికీ రాని పని, సభ అనేసరికి అందరికీ కొట్టిన పిండి.

పేటలో మొండికేసినవాళ్ళూ ఉన్నారు. వలలు, పడవలు వదిలి రామన్నారు. విశ్వపతి 'మత్స్యకార పనిముట్ల ప్రదర్శన' ఉందని ప్రకటించి, పడవలన్నిటినీ ట్రాక్టర్లతో రోడ్డు అవతలి మెరక మీదికి లాగించి, కొబ్బరి చెట్లకు కట్టించాడు. మేకలను, కోళ్ళను వదిలి రామన్నవాళ్ళ కోసం పశుప్రదర్శన కూడా కార్యక్రమంలో చేర్చాడు. నూకతల్లి మేక మెడకు రిబ్బను కట్టి ముందుగానే ప్రథమ బహుమతి ప్రకటించారు. అప్పటికీ కదలని నలుగురు ముసలాళ్ళకు ఆఖరి అస్త్రం వేశాడు.

"సభకు రానివాళ్ళ పింఛను ఆగిపోతుంది."

ఆ బెదిరింపు అంటే ఆయనకు ఎప్పుడూ సిగ్గే. పైవాళ్ళ ఒత్తిడి మీద గొణుగుతూ అనేవాడు. ఆ రోజు మాత్రం మనస్ఫూర్తిగా, పేట పేటంతా వినబడేలా అరిచాడు. ముసలాళ్ళు తిట్టుకుంటూ బస్సెక్కారు.

మధ్యాహ్నానికి ఆనంద వేదిక నిండిపోయింది. ఎర్ర తివాచీ మీద బురద కాళ్ళు, చంటిపిల్లలు, మేకలు, కోళ్ళ గంపలు. నిరంజనరావుగారు సిల్కు చొక్కాలో వచ్చారు. కారు దిగేటప్పుడు గొడుగు ఎగిరిపోయింది. ఆయన దాన్ని లెక్క చేయలేదు. వేదికెక్కి జనాన్ని చూసేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"సోదర సోదరీమణులారా! ఈ క్షణాన పక్క మండలాల ప్రజలు ప్రాణభయంతో షెల్టర్లలో తలదాచుకుంటున్నారు. మీరు మాత్రం, మీరు మాత్రం నిర్భయంగా ఇక్కడ కూర్చున్నారు!"

బయట గాలి ఊళ వేసింది. జనం ఒకరి దగ్గరికి ఒకరు జరిగారు.

"ఈ శబ్దం వింటున్నారా? ఇది ప్రకృతి చేస్తున్న హర్షధ్వానం!"

కిటికీ రెక్క ఒకటి ఊడి లోపలికి పడింది. పెద్ద బ్యానరు చిరిగి రెపరెపలాడింది. నిరంజనరావుగారు గొంతు పెంచారు. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, జనం వింటూనే ఉన్నారు. మామూలుగా అయితే పొట్లాలు పంచగానే సభ సగం ఖాళీ అవుతుంది. ఆ రోజు ఒక్క మనిషి లేవలేదు. తన ఉపన్యాసానికి ఇంత ఆకర్షణ ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

చాలాసేపటికి గాలి ఠక్కున ఆగిపోయింది. వాన కూడా పలచబడింది. కిటికీలోంచి లేత ఎండ పొడ పడింది.

"చూశారా!" అన్నారు నిరంజనరావుగారు, చేతులు రెండూ చాచి. "వచ్చినదేదో మన ధ్రువపత్రాన్ని గౌరవించి వెనుదిరిగింది. ఇంతటితో సభ ముగిసినట్లు ప్రకటిస్తున్నాను."

కుర్రకారు లేచి పడవలు చూసుకోవడానికి తలుపు వైపు కదిలారు. నూకతల్లి విశ్వపతి చొక్కా పట్టుకుని లాగింది. "బాబూ, వదిలీకండి. తుపాను కన్ను మన మీదకొచ్చింది. ఇప్పుడు రెండో పక్క నుంచి తిరుగుతాది. ఈళ్ళెల్లిపోతే మరి రారు."

విశ్వపతి ఒక్క గంతులో వేదికెక్కి మైకు లాక్కున్నాడు.

"వందన సమర్పణ మిగిలి ఉంది సార్!"

వందన సమర్పణ లేకుండా సభ ముగియదు. ఆ సంగతి నిరంజనరావుగారికీ తెలుసు, జనానికీ తెలుసు. ఆయన కూర్చున్నారు. అప్పలకొండ తలుపు మూసి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. విశ్వపతి ముఖ్య అతిథికి ధన్యవాదాలు చెప్పాడు. బస్సు డ్రైవర్లకు, వంటవాళ్ళకు, తివాచీ పరిచినవాళ్ళకు చెప్పాడు. పులిహోరలో నిమ్మకాయ పిండినావిడకు, మజ్జిగలో కరివేపాకు వేసినాయనకు విడివిడిగా చెప్పాడు. గవ్వలపేటలో ఇంటింటి పెద్ద పేరూ చదివి చేతులు జోడించాడు. పేర్లు అయిపోయాక మేకలకు చెప్పాడు. కుర్రాళ్ళు విసుక్కున్నారు, ఈల వేశారు. నిరంజనరావుగారు కూడా గడియారం చూసుకున్నారు. విశ్వపతి చెమటలు కక్కుతూ, గత సభల్లో తాను మరచిపోయిన వాళ్ళందరికీ ఆలస్యంగానైనా ధన్యవాదాలు చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు సముద్రం వైపు నుంచి రెండో గాలి వచ్చింది.

వచ్చేటప్పుడు నీళ్ళను కూడా వెంట తెచ్చింది. స్తంభాల మధ్యనుంచి నల్లటి నీరు సుడులు తిరుగుతూ దూసుకుపోతుంటే నేల కంపించింది. జనరేటరు మునిగి మైకు మూగబోయింది. దీపాలు ఆరిపోయాయి. కిటికీలోంచి చూస్తుండగానే పైలాను వంగి, ఊగి, మొదలంటా విరిగి నీళ్ళలో పడింది. పిల్లలు కెవ్వుమన్నారు.

నిరంజనరావుగారు వేదిక మీదినుంచి ఎప్పుడు దిగారో ఎవరికీ తెలియదు. తివాచీ మీద, జనం మధ్య, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. పక్కనున్న చెయ్యి ఏదో గట్టిగా పట్టుకున్నారు. అది నూకతల్లి చెయ్యి. ఆవిడ రెండో చేత్తో తన తుండుగుడ్డ తీసి ఆయన తల మీద కప్పింది.

"బయపడకండి బాబూ. ఈ మేడ గట్టిది. దీనికి మీరు ఏ పేరెట్టినా గట్టిదే."

"ఎప్పుడు తగ్గుతుందమ్మా?" అన్నారాయన, చిన్నపిల్లాడి గొంతుతో.

"తగ్గుతాది. పట్టుకోండి, నాకేటి నొప్పి లేదు."

*

పొద్దున్నకి గాలి లేదు, నీరు తీసింది. తలలు లెక్కపెట్టారు. ఒక్కరూ తక్కువ కాలేదు. మేకలతో సహా అందరూ ఉన్నారు. విశ్వపతి గోడకు చేరబడి, ఎవరూ చూడకుండా ముఖం తుడుచుకున్నాడు.

పడవలు చాలావరకు నిలిచాయి. గవ్వలపేట మాత్రం లేదు. ఇళ్ళున్న చోట చదునుగా ఇసుక పరుచుకుని ఉంది, ఎవరో కొత్తగా సముద్రపు ఒడ్డు తయారు చేసినట్టు. నూకతల్లి ఆ ఇసుకలో అటూ ఇటూ తిరిగి, తన ఇంటి పొయ్యిరాయి ఒకటి దొరికితే చీరతో తుడిచి పక్కన పెట్టుకుని కూచుంది. విశ్వపతికి ఆవిడ దగ్గరికి పోయే ధైర్యం లేకపోయింది.

రెండు రోజులకు అటు మండలంలో, ఇటు మండలంలో సహాయం దిగింది. సముద్రపాడు అని కొడితే ఇంకా అభినందనలు అనే వస్తోంది. మూడో రోజు నిరంజనరావుగారు ఉతికిన బట్టలు కట్టుకుని, పూర్వపు గొంతుతో వచ్చారు. ఆనంద వేదికలోనే తలదాచుకుంటున్న జనం ముందు బల్ల వేయించుకుని కూర్చున్నారు.

"మరణాలు శూన్యం. ఇది రహిత విధానం సాధించిన విజయమని పైకి రాశాను," అన్నారు విశ్వపతితో. "ఇక ఇళ్ళ సంగతి. కూలిన ఇంటికి కారణం చూపించాలి. ఆ కారణం మన దగ్గర లేదు. కాబట్టి నేను లోతుగా ఆలోచించాను. కారణం లేకుండా ఇల్లు కూలదు కదా? అంటే కూలలేదు. కూలకుండా ఇప్పుడు లేదంటే దాని అర్థమేమిటి? మొదటినుంచీ లేదు! వీళ్ళందరూ పుట్టుకతో ఇల్లు లేనివాళ్ళు. అలాంటివాళ్ళకు వేరే పథకం ఉంది. పక్కా ఇళ్ళు వస్తాయి. మాకు ఎన్నడూ ఇల్లు లేదని ఒక్క వేలిముద్ర వేస్తే చాలు."

ఇందులో దయ లేకపోలేదు. ఆయన నిజంగానే రాత్రంతా ఆలోచించి ఉంటారని విశ్వపతికి తెలుసు. జనం కూడా గొడవ పడలేదు. ఇల్లు వస్తుందంటే చాలనుకుని వరసగా వచ్చి వేళ్ళకు సిరా పూసుకోబోయారు. వరసలో మొదటిది నూకతల్లి. విశ్వపతి కాగితం చదివి వినిపించాడు.

ఆవిడ వేలు వెనక్కి తీసుకుంది.

"నాకిల్లు లేదని నానేల ముద్రేస్తాను బాబూ? నా మావ సేపల ఏట నుంచొచ్చి, అలిసిపోయి, ఎన్నెల్లో గోడ మెత్తీవోడు. ఆ గోడకి నాను రోజూ పేడ పూసినాను. నా పిల్లలు ఆ ఇంట్లోనే పుట్టినారు, ఒకడు ఆ ఇంట్లోనే పోనాడు. ఉండీది. పోనాది. అలగ రాయండి."

"పోయిందంటే కారణం రాయాలమ్మా," అన్నారు నిరంజనరావుగారు మృదువుగా. "ఆ కారణం ఈ మండలంలో లేదు."

"కారణం పేరు రాయకూడదంటే మానీండి. నాను సెప్పింది రాయండి." నూకతల్లి విశ్వపతి వైపు తిరిగింది. "ఆ పొద్దు ఈ మేడ మీద, ఆపీసరు బాబు దేనికి బయపడి నా సెయ్యి పట్టుకున్నారో, అదే వొచ్చి నా ఇల్లు పట్టుకుపోనాదని రాయండి."

అప్పలకొండ పైకప్పు వైపు చూశాడు. నిరంజనరావుగారు తన కుడిచేతిని చూసుకున్నారు, దాన్ని బల్ల కిందికి తీసుకున్నారు, మళ్ళీ పైకి పెట్టారు. ఏదో అనబోయారు. 'ఉత్సాహవంతమైన గాలి' అన్న మాట నోటిదాకా వచ్చిందేమో, ఎదురుగా కూచున్న జనం మొహాలు చూసి మింగేశారు. ఆ జనమంతా ఆయనతో కలిసి వణికినవాళ్ళే.

"కాగితం ఇలా ఇవ్వండి," అన్నారు చివరికి. విశ్వపతి చేతిలోంచి కలం కూడా తీసుకున్నారు. అచ్చులో ఉన్నదంతా కొట్టేసి, కింద తన చేత్తోనే రాశారు. ఒకే మాట. రాసి, సంతకం పెట్టి, ఆవిడ వైపు తిప్పారు.

"ఏటి రాసినారు?"

"నువ్వు చెప్పిందే, నూకతల్లీ," అన్నాడు విశ్వపతి. "తుఫాను."

నూకతల్లి వేలిముద్ర వేసింది.

ధ్రువపత్రం రద్దయింది. నిరంజనరావుగారిని సంజాయిషీ అడిగారు. తుఫాను ఉనికిని గుర్తించడంలో చూపిన పారదర్శకతకు నెలరోజుల తర్వాత ఇంకో శాఖవాళ్ళు ఆయనకు షీల్డు ఇచ్చారు. దాన్ని ఆయన బీరువాలో పెట్టలేదని, బల్ల మీదే ఉంచుకున్నారని చూసినవాళ్ళు చెబుతారు. ఆ షీల్డు చూసి పక్క జిల్లాలో ప్రతి మండలమూ మూడు నెలలకొక తుఫానునైనా గుర్తించి తీరాలని లక్ష్యం పెట్టారట. విశ్వపతి పదోన్నతి ఫైలు పెండింగు రహితమైన ఫైళ్ళలో చేరిపోయింది. అది ఎక్కడుందో అప్పలకొండకు తెలుసు, విశ్వపతి అడగలేదు.

బియ్యం, ఇళ్ళకు సొమ్ము ఆలస్యంగానైనా వచ్చాయి. ఇళ్ళ పునాదులు లేస్తుండగా ఒక సాయంత్రం విశ్వపతి గవ్వలపేట వెళ్ళాడు. ట్రాక్టరు మీద సరుగుడు మొక్కలు కూడా తెచ్చాడు. నూకతల్లి పాత పొయ్యిరాయికి ఇంకో రెండు రాళ్ళు చేర్చి చేపల కూర ఉడికిస్తోంది. ఆయన జేబులోంచి మేడ తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉండనీ."

ఆవిడ తాళం అటూ ఇటూ తిప్పి చూసి, మొలలో దోపుకుంది. "ఇదెందుకిచ్చినారని ఎవులైనా పెద్ద బాబులొచ్చి అడిగితే? మరేటని సెప్పాలి?"

"తుఫానొస్తుందని చెప్పు," అన్నాడు విశ్వపతి.